మిషనరీలు తీసిన తొలినాటి ఆఫ్రికా ఫోటోలను సాక్ష్యంగా తీసుకోవచ్చా?

మీ ప్రశ్న చదివాను. పీజీ ప్రాజెక్టు కోసం 1850 నుంచి 1915 దాకా క్రైస్తవ మిషనరీలు ఆఫ్రికాలో తీసిన ఫోటోలు ఎంచుకున్నారు. మీ గైడ్ ఏమో "అవన్నీ చందాల కోసం తీసిన ప్రచార బొమ్మలు, సాక్ష్యంగా పనికిరావు" అన్నారు. మీకు మాత్రం వాట్సాప్‌లో చూసిన కాంగో ఫోటో, ఒక తండ్రి తన ముందున్న చిన్నపిల్ల తెగిన చెయ్యినీ పాదాన్నీ చూస్తూ కూర్చున్నది, ఉత్త ప్రచారమంటే మనసు ఒప్పుకోవడం లేదు. ఏది నమ్మాలని అడిగారు.

మీ గైడ్ చెప్పినదాంట్లో సగం నిజం. చందాల కోసం తీశారన్నది నిజమే. అందుకని సాక్ష్యంగా పనికిరావనడం మాత్రం సరికాదు. పాత ఫోటోలు, గాజు ప్లేట్లు భద్రపరిచి వాటి వివరాలు నమోదు చేసే పనిలో నేను చాలాకాలంగా ఉన్నాను. నాకు గట్టిగా అనిపించేది ఒకటే. ఫోటోలో ఉన్న మనిషి పేరు, ఊరు, తేదీ, ఆ రోజు ఆ మనిషి కెమెరా ముందుకు ఎందుకు వచ్చాడన్న సంగతి మనకు ఎంత తెలిస్తే ఆ ఫోటో అంత సాక్ష్యం. అవి ఊడిపోయిన ఫోటో కింద ఎవరు ఏం రాస్తే అదే దాని అర్థం అయిపోతుంది. మిషనరీలు ఈ రెండు రకాల ఫోటోలూ తీశారు.

మీరు చూసిన ఫోటో దగ్గరే మొదలుపెడతాను. దాని గురించి తప్పుడు సమాచారం చాలా తిరుగుతోంది. ఆ తండ్రి పేరు న్సాలా. ఊరు వాలా. ఫోటో తీసింది ఆలిస్ సీలీ హారిస్ అనే ఇంగ్లిష్ మిషనరీ. 1898లో భర్త జాన్ హారిస్‌తో కలిసి కాంగో బలోలో మిషన్ తరఫున వెళ్లారు. ఫోటో తీసిన చోటు బరింగాలోని మిషన్ ఇంటి వరండా, తేదీ 1904 మే 14. ఆ ప్రాంతం రబ్బరు హక్కులన్నీ ఏబీఐఆర్ అనే కంపెనీ చేతిలో ఉండేవి. కంపెనీ పెట్టిన సాయుధ కాపలాదారులు ఊరి మీద పడి న్సాలా భార్యనూ, అయిదేళ్ల కూతురు బోవాలీనీ చంపేశారు. ఆ పిల్లలో మిగిలినవి ఒక చెయ్యి, ఒక పాదం. వాటిని ఆకుల్లో చుట్టుకుని న్సాలా మిషన్ ఇంటికి నడిచి వచ్చాడు.

వాట్సాప్‌లో తిరిగే రాతల్లో "రబ్బరు కోటా తక్కువైందని బెల్జియం వాళ్లు తండ్రి కళ్లముందే కూతురి చెయ్యి నరికారు" అని ఉంటుంది. జరిగింది అంతకంటే ఘోరం, అంతకంటే వేరు. కాంగో 1885 నుంచి 1908 దాకా బెల్జియం దేశానిది కాదు, రాజు రెండో లియోపోల్డ్ సొంత ఆస్తి. సైకిళ్లకూ కార్లకూ గాలి టైర్లు వచ్చాక రబ్బరుకు గిరాకీ విపరీతంగా పెరిగింది. అడవి తీగల నుంచి రబ్బరు తెమ్మని ఊళ్లమీద ఒత్తిడి చేసేవారు, తేనివాళ్ల మీదకు తుపాకులతో మనుషుల్ని పంపేవారు. తూటాలు వేటకు వాడుకోలేదని చూపించడానికి ప్రతి తూటాకూ ఒక కుడిచెయ్యి లెక్క అప్పజెప్పమనేవారు. చేతులు నరకడం వెనుక ఉన్నది ఈ లెక్క. బతికుండగానే చెయ్యి పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు, చనిపోయారనుకుని వాళ్ల చెయ్యి నరుక్కుపోయిన సందర్భాలూ ఉన్నాయి. మీ ప్రాజెక్టులో ఈ ఫోటో వాడితే కింద న్సాలా పేరు, బోవాలీ పేరు, బరింగా, తేదీ, ఏబీఐఆర్ కంపెనీ తప్పకుండా రాయండి. "కాంగో బాధితుడు" అని ఒక్క ముక్కతో సరిపెట్టకండి.

ఇంకో సంగతి మీ గైడ్‌కు కూడా చూపించండి. ఆ సాక్ష్యాన్ని తయారుచేసింది కెమెరా ఒక్కటే కాదు. న్సాలా ఆ చేతినీ పాదాన్నీ మూటగట్టుకుని తెచ్చాడు, మూట విప్పాడు. ఇతనికి న్యాయం కావాలి, చూపించడానికి ఎవరో ఒకరు కావాలి. కెమెరా ఉన్న ఇంటికి వచ్చాడు. అందుకే ఆ ఫోటోను నేను ఆలిస్ తీసిన ఫోటోగానే కాక న్సాలా ఇచ్చిన వాంగ్మూలంగా కూడా చూస్తాను. ఆ ఏడాది చివర్లో లియోపోల్డ్ నియమించిన విచారణ కమిషన్ బరింగాకు వచ్చింది. అప్పుడు బొలిమా ప్రాంతపు పెద్ద లొంటులు వచ్చి, చనిపోయిన తన మనుషులకు ఒక్కొక్కరికి ఒక్కో పుల్ల చొప్పున 110 పుల్లలు వాళ్ల ముందు పెట్టాడు. పెద్దలకు, మగవాళ్లకు, ఆడవాళ్లకు, పిల్లలకు వేర్వేరు పొడవులు. ఒక్కో పుల్లకూ ఒక పేరు చెప్పాడు. అక్కడ ఫోటో అవసరమే పడలేదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవండి. "మూగ బాధితులు, మాట్లాడే తెల్ల మిషనరీలు" అన్న చిత్రం ఎంత తప్పో అర్థమవుతుంది.

ఫోటోకు ఉన్న పరిమితి కూడా కాంగో కథలోనే కనిపిస్తుంది. ఎపొండో అనే కుర్రాడి సంగతి చూడండి. ఇతని తెగిన చెయ్యి గురించి బ్రిటిష్ కాన్సల్ రోజర్ కేస్‌మెంట్ 1903లో విచారించాడు. ఇతని ఫోటో యూరప్‌లో తిరిగింది. లియోపోల్డ్ మనుషులు వెంటనే ఎదురు వాంగ్మూలం పుట్టించారు, ఆ చెయ్యి అడవిపంది కొరికితే పోయిందని. తెగిన చెయ్యి ఫోటోలో కనిపిస్తుంది, ఎవరు తెంచారన్నది కనిపించదు కదా. ఆ ఖాళీలోకి ఎవరైనా దూరవచ్చు. దీనికి విరుగుడు పేర్లు, తేదీలు, ఇద్దరు ముగ్గురి వేర్వేరు వాంగ్మూలాలు. హారిస్ దంపతులూ వాళ్ల తోటివాళ్లూ ఆ శ్రమ పడ్డారు కాబట్టే వాళ్ల ఫోటోలు ఇప్పటికీ నిలబడుతున్నాయి.

చేతులు కోల్పోయినవాళ్ల ఫోటోల్లో మీరు ఒకటి గమనించే ఉంటారు. తెల్లగుడ్డ కప్పుకుని, దాని మీద మొండిచెయ్యి పెట్టి కూర్చుంటారు. ఇది ముందే ఏర్పాటు చేసిన భంగిమే. ముదురు రంగు చేతి వెనక ముదురు రంగే ఉంటే ఆ రోజుల ప్లేటులో ఏమీ తెలియదు. ఏర్పాటు చేశారని తెలియగానే కొందరు విద్యార్థులు "అయితే ఇది నాటకం" అనేస్తారు. కోర్టుకు వెళ్లే ఫోటోలో గాయం స్పష్టంగా కనబడేట్టు ఇప్పటికీ వెలుతురు సర్దుతారు, పక్కన స్కేలు పెడతారు. అది నాటకం కాదు. ఏర్పాటు ఎవరి ప్రయోజనం కోసం జరిగింది, ఉన్నదాన్ని చూపించడానికా లేనిదాన్ని పుట్టించడానికా అన్నదే మీరు తేల్చుకోవాలి.

ఇక్కడ కెమెరా పనితీరు కొంచెం చెప్పాలి. ఇది తెలియకపోతే ఫోటోను తప్పుగా చదువుతాం. 1851 తర్వాత వచ్చిన తడి కొలోడియన్ పద్ధతిలో గాజుపలక మీద రసాయనం పూసి, తడి ఆరకముందే ఫోటో తీసి, అప్పటికప్పుడే కడగాలి. అంటే చీకటి గుడారం, సీసాలు, శుభ్రమైన నీళ్లు అన్నీ మోసుకెళ్లాలి. ఉష్ణమండలపు ఎండలో ఆ రసాయనంలోని ఈథర్ ఇట్టే ఆవిరైపోయేది. 1858లో బయల్దేరిన జాంబెజి నదీ యాత్రలో మిషనరీ, అన్వేషకుడు డేవిడ్ లివింగ్‌స్టన్ తన తమ్ముడు చార్లెస్‌ను ఫోటోగ్రాఫర్‌గా తీసుకెళ్లాడు, కానీ ఇతని వల్ల చెప్పుకోదగ్గ పని కాలేదు. యాత్రలోని డాక్టరు జాన్ కిర్క్ తీసినవే కొన్ని మిగిలాయి. అంతకుముందే 1850లలో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన విలియం ఎల్లిస్ మడగాస్కర్ మనుషుల్ని ఫోటోలు తీశాడు. అక్కడ రాణి మొదటి రణవలోనా క్రైస్తవాన్ని నిషేధించిన కాలం అది. మతబోధకు వీల్లేని చోట కెమెరాయే ఇతనికి మనుషులతో పరిచయం కలిపింది.

1880ల నుంచి ముందే పూత పూసి ఆరబెట్టిన పొడి ప్లేట్లు, 1888 తర్వాత కొడాక్ చేతి కెమెరా వచ్చాక పని సులువైంది. ఆ తర్వాతే మామూలు మిషనరీల చేతుల్లోకి కెమెరా వచ్చింది. మీరు చూసే ఫోటోల్లో ఎక్కువ భాగం ఈ కాలానివే.

ప్లేటు గురించి ఇంకో ముఖ్యమైన విషయం. తొలినాటి ప్లేట్లకు నీలి వెలుగు మాత్రమే బాగా అందేది, ఎరుపు పసుపు రంగులు దాదాపు నల్లగా పడేవి. గోధుమరంగు చర్మం నుంచి వచ్చే వెలుగులో ఎరుపు, పసుపే ఎక్కువ. అందుకే ఆ ఫోటోల్లో ఆఫ్రికా మనుషుల ముఖాలు నిజంగా ఉన్నదానికన్నా నల్లగా, కవళికలు చెరిగిపోయినట్టు కనిపిస్తాయి, పక్కనే నిలబడ్డ మిషనరీ తెల్లబట్టలు వెలిగిపోతుంటాయి. అన్ని రంగులకూ స్పందించే ప్లేట్లు 1906 ప్రాంతంలోగానీ మార్కెట్లోకి రాలేదు. యూరప్‌లో చర్చి హాల్లో ఆ ఫోటో చూసినవాడికి ఇదంతా తెలియదు. "చీకటి ఖండం" అన్న మాట ముందే తలలో ఉంది, ఫోటో దాన్ని ఖరారు చేసింది. రసాయనం చేసిన పనిని మనుషుల స్వభావంగా చదివారు.

ముఖాలు బిగుసుకుపోయి ఉండటం గురించి కూడా అడిగారు. భయమని కొందరు, కోపమని కొందరు రాశారన్నారు. ముఖం చూసి అలా చెప్పేయకండి. ఎక్స్‌పోజర్ పూర్తయ్యే దాకా కదలకుండా ఉండాలి, పైగా ఫోటో దిగడమంటే గంభీరంగా ఉండటమే ఆ కాలపు పద్ధతి. మన తాతముత్తాతల పెళ్లిఫోటోలు తీసి చూడండి, ఒక్కరి మొహంలోనైనా నవ్వు ఉంటుందా? పెళ్లి ఇష్టం లేకనా?

ఇక చందాల సంగతి. మీ గైడ్ సరిగ్గా చెప్పిన సగం ఇదే. మిషనరీ సంస్థలు స్వదేశంలోని సామాన్య విశ్వాసులు ఇచ్చే చిల్లరతో నడిచేవి. ఆ డబ్బు ఆగకుండా రావాలంటే రెండు విషయాలు ఒకేసారి చూపించాలి. అక్కడి జనానికి మా అవసరం చాలా ఉంది, మా పని ఫలిస్తోంది. ఈ రెండింటినీ ఒక్క చూపులో చెప్పే ఉపాయమే "ముందు, తర్వాత" జత ఫోటోలు. ఎడమవైపు అరకొర బట్టలతో, ఆయుధంతో ఒకడు. కుడివైపు చొక్కా వేసుకుని, పుస్తకం పట్టుకుని ఇంకొకడు, లేదా అతనే. ఈ ఉపాయం ఆఫ్రికాలో పుట్టింది కాదు. లండన్‌లో అనాథ పిల్లల కోసం పనిచేసిన థామస్ బర్నార్డో ఇలాంటి జత ఫోటోల కార్డులు అమ్మేవాడు. పిల్లల్ని కావాలని చింపిరి బట్టల్లో తీశారన్న ఆరోపణ మీద 1877లో మధ్యవర్తుల విచారణ జరిగి, ఆ ఫోటోల పద్ధతిని వాళ్లు తప్పుపట్టారు. తమ ఊరి పేదపిల్లల విషయంలోనే ఇలా చేసినవాళ్లున్నప్పుడు, వేల మైళ్ల దూరంలో అడిగేవాడు లేని చోట ఎంత జాగ్రత్త తీసుకుని ఉంటారో ఆలోచించండి.

ఈ జత ఫోటోలు నాకు మొదటినుంచీ బాధ కలిగిస్తాయి. ఎడమవైపు ఫోటోలో ఉన్నది ఎంతోసార్లు పండుగ వేషమో, వేటకు వెళ్లే వేషమో, పెద్దరికానికి గుర్తుగా కట్టుకున్నదో అయి ఉంటుంది. ఆ సమాజంలో అది గౌరవం. ఆ అర్థమంతా తీసేసి "అనాగరికత" అన్న చీటీ అంటించారు. నమ్మకం మారడం ఫోటోలో పడదు కాబట్టి బట్టలు మారడాన్ని దానికి బదులుగా చూపించారు. ఇలాంటివి మీ సేకరణలో ఉంటే పక్కన పెట్టనక్కర్లేదు. ఆఫ్రికా గురించి అవి చెప్పేది తక్కువ, చందా ఇచ్చేవాళ్లు ఏం చూడాలనుకున్నారో చెప్పేది చాలా ఎక్కువ. ఆ ప్రశ్నకు అవి మొదటి తరగతి సాక్ష్యాలు.

ఒక తేడా మాత్రం గుర్తుంచుకోండి. 1869లో శాస్త్రవేత్త హక్స్‌లీ బ్రిటిష్ వలసల్లోని ప్రజలందర్నీ నగ్నంగా, కొలబద్ద పక్కన నిలబెట్టి ఫోటోలు తీయించాలని సూచనలు పంపాడు. మనిషిని కొలిచే వస్తువుగా చూసిన ఫోటోలవి. మిషనరీ ఫోటోలను వాటితో కలిపి ఒకే గాటన కట్టేస్తుంటారు. నేను ఒప్పుకోను. మిషనరీ అదే ఊళ్లో పదేళ్లో ఇరవయ్యేళ్లో ఉండేవాడు, భాష నేర్చుకునేవాడు, ఎదుటివాళ్ల పేర్లు తెలిసినవాడు. పేర్లు తెలిసి కూడా కింద రాయకపోవడం మిషనరీ ఫోటోల మీద నా పెద్ద ఫిర్యాదు. డైరీలో, ఇంటికి రాసిన ఉత్తరంలో పేరు ఉంటుంది. పత్రికలో అచ్చయ్యేసరికి "ఒక స్థానిక స్త్రీ" అవుతుంది. పోస్టుకార్డు మీదకు ఎక్కేసరికి తెగపేరు మాత్రమే మిగులుతుంది. 1900 తర్వాత పోస్టుకార్డుల మోజు పెరిగినకొద్దీ ఇది మరీ ఎక్కువైంది. ఇంకో విషయం, 1880లకు ముందు ఫోటోను నేరుగా పత్రికలో అచ్చువేసే వీలు లేదు. చెక్క మీద చెక్కి ముద్రించేవారు. చెక్కేవాడు ఎన్నడూ ఆఫ్రికా చూసి ఉండడు. తాటిచెట్టో గుడిసెనో కలిపేవాడు, ముఖాలు మార్చేవాడు. కాబట్టి పత్రికలో ఉన్న బొమ్మనూ అసలు ప్లేటునూ ఒకటిగా అనుకోకండి.

పేర్లు మిగిలిన సేకరణ ఎలా ఉంటుందో చూడాలంటే కామెరూన్‌లోని ఫుంబాన్‌కు వెళ్లాలి. అక్కడ 1911 నుంచి 1915 దాకా స్విట్జర్లాండ్‌కు చెందిన బాసెల్ మిషన్ టీచర్‌గా పనిచేసిన అన్నా వుర్మన్ తీసిన ఫోటోలు నాకు ఈ మొత్తం చరిత్రలోనే అన్నిటికన్నా ఇష్టం. ముఖాలకు దగ్గరగా, ఆ మనిషి మన పక్కింట్లో ఉన్నట్టు తీసింది. రాజు న్జోయా, రాణులు, ఆస్థానంలోని పెద్దలు, బడిపిల్లలు. చాలామంది పేర్లు మనకు తెలుసు. ఆమె ఆ మనుషులతో స్నేహంగా మెలిగింది. ఆమె అభిరుచి ఎంతో, ఆ ఆస్థానం తీరు కూడా అంతే కారణం. న్జోయా మామూలు రాజు కాదు. తన భాషకు సొంతంగా లిపి తయారుచేయించాడు. పూసలతో అల్లిన తండ్రిగారి సింహాసనం 1908లో జర్మనీ చక్రవర్తికి కానుకగా వెళ్లింది, ఇప్పుడు బెర్లిన్‌లో ఉంది. తన ఫోటో ఎవరి చేతుల్లోకి వెళ్తుందో, దాన్ని చూసి ఏమనుకుంటారో న్జోయాకు బాగా తెలుసు. కొన్ని ఫోటోల్లో జర్మన్ పద్ధతి సైనిక దుస్తుల్లో, మరికొన్నిటిలో పొడవాటి అంగీలో ముస్లిం పాలకుడిలా కనిపిస్తాడు. ఎప్పుడు ఏ వేషంలో దిగాలో నిర్ణయించుకున్నది న్జోయాయే.

ఇలాంటిదే ఇంకో ఫోటో, దీన్ని మీరు తప్పకుండా వాడాలి. ఇప్పటి మలావీలో జాన్ చిలెంబ్వే అనే బాప్టిస్టు పాస్టర్ ఉండేవాడు. అమెరికాలో చదువుకుని వచ్చి చిరాద్జులులో సొంత మిషన్ పెట్టాడు. 1914లో ఇంగ్లిష్ మిషనరీ జాన్ చోర్లీ పక్కన నిలబడి ఫోటో దిగాడు. ఇద్దరి తలల మీదా టోపీలున్నాయి. చూడటానికి మామూలు ఫోటో. కానీ అక్కడ తెల్లవాడి ఎదుట నల్లవాడు టోపీ తీసెయ్యాలన్నది రివాజు. దొర ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచిన కాలాన్ని మన పెద్దల నోట విన్నవాళ్లకు ఆ టోపీ బరువు ఎంతో వేరే చెప్పక్కర్లేదు. మరుసటి ఏడాది జనవరిలో చిలెంబ్వే తోట యజమానుల దౌర్జన్యం మీద తిరుగుబాటు చేశాడు, ఫిబ్రవరిలో చంపేశారు, కట్టించిన చర్చిని ప్రభుత్వం కూల్చేసింది. మలావీ కళాకారుడు సామ్సన్ కంబాలు ఆ ఫోటోనే శిల్పంగా చేసి 2022లో లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నిలబెట్టాడు. అందులో చిలెంబ్వే చోర్లీ కంటే చాలా పెద్దగా ఉంటాడు. ఫోటో కింద ఇద్దరి పేర్లూ నిలిచాయి కాబట్టి ఇదంతా సాధ్యమైంది.

ఆఫ్రికాలో కెమెరా అంటే తెల్లవాళ్లదే అన్న ఊహతో ప్రాజెక్టు రాయకండి. అమెరికా నుంచి లైబీరియాకు వలసవెళ్లిన నల్లజాతి ఫోటోగ్రాఫర్ ఆగస్టస్ వాషింగ్టన్ 1853 నుంచే మన్రోవియాలో స్టూడియో నడిపాడు. గోల్డ్ కోస్ట్‌లో, అంటే ఇప్పటి ఘనాలో, లుటరోట్ కుటుంబం 1870ల నుంచి ఊరూరా తిరిగి ఫోటోలు తీసింది. డబ్బిచ్చి, తమకు నచ్చిన బట్టల్లో, తమ ఇంట్లో పెట్టుకోవడానికి జనం దిగిన ఫోటోలవి. మిషన్ ఫోటోల పక్కన అవి పెడితే తేడా మీకే తెలుస్తుంది. కాంగోలోనూ విలియం షెపర్డ్ ఉన్నాడు. అమెరికాలోని వర్జీనియా నుంచి వచ్చిన నల్లజాతి ప్రెస్బిటేరియన్ మిషనరీ. ఇతని దగ్గర కూడా కెమెరా ఉండేది. 1899లో ఒక దాడి శిబిరంలోకి వెళ్లి, మంట మీద ఆరబెట్టిన 81 కుడిచేతులు లెక్కపెట్టి రాశాడు. ఆ తర్వాత రాసిన ఒక వ్యాసం మీద రబ్బరు కంపెనీ దావా వేస్తే 1909లో కోర్టు నిర్దోషిగా విడిచిపెట్టింది.

ఈ కథకు తెలుగునాడుతో నిజమైన సంబంధం ఒకటుంది. 1840 నుంచి నెల్లూరులో, తర్వాత క్లౌ దొర ఒంగోలులో నడిపిన తెలుగు మిషన్ అమెరికన్ బాప్టిస్టు సంఘానిది. అదే సంఘం 1884లో కాంగోలో అప్పటికే ఉన్న ఒక మిషన్‌ను కూడా చేతిలోకి తీసుకుంది. ఆ సంఘం తరఫున కాంగోలో ఉన్న స్వీడిష్ మిషనరీ ష్యోబ్లోమ్ 1890ల మధ్యలోనే చేతుల నరికివేత గురించి రాశాడు, లండన్ వెళ్లి సభలో మాట్లాడాడు. రాత ఒక్కటే ఉన్నప్పుడు యూరప్ పెద్దగా కదల్లేదు. ఎనిమిది తొమ్మిదేళ్ల తర్వాత ఫోటోలు వచ్చాక కదిలింది. ఒంగోలుకు చందా పంపిన అమెరికా చర్చిల్లోనే కాంగోకూ చందాలు పోగయ్యాయి. మిషన్ పత్రికల్లో తెలుగు దళితుల, ఆఫ్రికా ప్రజల ఫోటోలకు ఒకే తరహా వ్యాఖ్యలు కనిపిస్తాయి. మీకు తెలుగు వచ్చు కాబట్టి ఈ పోలిక మీద ఒక అధ్యాయం రాయగలరు. మరొకరికి కుదరని పని అది.

ఫోటోలు కదిలించిన తీరు గురించి కూడా రాయండి. 1904లో లియోపోల్డ్ పాలనలోని దౌర్జన్యాలకు వ్యతిరేకంగా కాంగో సంస్కరణ సంఘం ఏర్పడింది. హారిస్ దంపతులు బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ ఊరూరా మ్యాజిక్ లాంతరు సభలు పెట్టారు. చీకటి హాలు, గాజు స్లైడు, వెనక దీపం, గోడ మీద మనిషెత్తు బొమ్మ, పక్కన నిలబడి చదివేవాళ్లు. 60 స్లైడ్లూ వాటితోపాటు చదవాల్సిన ఉపన్యాసమూ కలిపి అచ్చయిన సెట్టు కూడా ఉండేది. అమెరికన్ రచయిత మార్క్ ట్వైన్ 1905లో రాసిన వ్యంగ్యంలో లియోపోల్డ్, తాను లంచంతో లొంగదీసుకోలేకపోయిన ఒకే ఒక్క సాక్షి కొడాక్ అని వాపోతాడు. 1908లో లియోపోల్డ్ కాంగోను బెల్జియం ప్రభుత్వానికి వదులుకోవాల్సి వచ్చింది. ఇది చిన్న విజయం కాదు. కానీ ఆ సభల్లో కూడా వరుస ఎలా ఉండేదో చూడండి. ముందు అడవి, వింత ఆచారాలు, తర్వాత దౌర్జన్యం, చివరికి మిషన్ బడి, ప్రార్థన. హారిస్ దంపతులు వలసపాలనే ఉండకూడదనలేదు, మంచి వలసపాలన కావాలన్నారు. న్సాలా ఫోటో వెలిగిన ఆ గోడ మీదే, కాసేపటి ముందు, కాంగో మనుషుల్ని తక్కువచేసే స్లైడు కూడా వెలిగింది. ఈ రెండింటినీ దాచకుండా రాస్తే మీ ప్రాజెక్టుకు బలం వస్తుంది.

ఇక పని ఎలా చెయ్యాలో చెబుతాను. ఇంటర్నెట్‌లో దొరికిన కాపీతో ఎప్పుడూ మొదలుపెట్టకండి. అంచులు కత్తిరించేసి ఉంటాయి, అంచుల్లోనే చాలా సంగతులుంటాయి. పక్కన నిలబడి ఆజ్ఞలిస్తున్న మనిషి, వెనక కట్టిన దుప్పటి, తన వంతు కోసం నవ్వుతూ ఎదురుచూస్తున్న పిల్లలు అక్కడ కనిపిస్తారు. అదే దుప్పటి, అదే కుర్చీ, అదే ఈటె వేర్వేరు "తెగల" ఫోటోల్లో కనిపిస్తే అది ఫోటోగ్రాఫర్ సామాను అని అర్థం. నీడలు చూసి పొద్దు ఎంతో అంచనా వేయండి, కళ్లు చికిలించింది కోపంతోనా ఎండకా అన్నది తేలుతుంది. ఫోటో వెనకవైపు స్కాన్ తప్పకుండా అడగండి. పెన్సిల్ రాత, స్టాంపు, అచ్చుకు పంపినప్పటి కొలతలు అక్కడే ఉంటాయి. గాజు ప్లేట్ల అంచున గీసిన నంబరు ఉంటే ఆ మిషనరీ రిజిస్టరులో వెతకండి. తర్వాత అదే తేదీకి ఇంటికి రాసిన ఉత్తరం కోసం చూడండి. నా అనుభవంలో పోయిన పేర్లు దొరికేది ఎక్కువగా ఉత్తరాల్లోనే. ఒకే ఫోటోకు డైరీలో, పత్రికలో, పోస్టుకార్డు మీద ఉన్న మూడు రాతలను పక్కపక్కన పెట్టి ఒక పట్టిక చేసుకోండి.

బాసెల్ మిషన్ ఆర్కైవ్స్ ఫోటోలు ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు, వివరాలు చక్కగా రాసిపెట్టారు. అన్నా వుర్మన్ ఫోటోలూ, గోల్డ్ కోస్ట్ ఫోటోలూ అందులోనే దొరుకుతాయి. మన ఇళ్ల మీది మంగుళూరు పెంకుల పరిశ్రమ మొదలుపెట్టింది ఈ మిషనే, కాబట్టి మన పడమటి తీరం ఫోటోలు కూడా ఉంటాయి. అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ వేర్వేరు మిషన్ల ఫోటోలను ఒకచోట చేర్చి అంతర్జాతీయ మిషన్ ఫోటోల ఆర్కైవ్ నడుపుతోంది, అక్కడ ఊరి పేరుతో వెతకొచ్చు. పాత స్పెల్లింగులు, వలసకాలపు ఊరి పేర్లు కూడా వేసి చూడండి, లేకపోతే సగం ఫోటోలు రావు. నగ్నంగా ఉన్న పిల్లల, గాయపడ్డ మనుషుల ఫోటోలు స్లైడ్ షోలో అలంకారంగా వాడకండి. అవసరమైన చోట ఒకటి చాలు, దాని పూర్తి కథతో. అనుమతి కోసం ఆర్కైవ్‌కు మెయిల్ రాసేటప్పుడు ఫోటో నంబరు, ఎందుకు వాడుతున్నారో రెండు వాక్యాల్లో చెప్పండి. సాధారణంగా విద్యార్థులకు సాయం చేస్తారు. ఏదైనా ఫోటో దగ్గర ఆగిపోతే దాని నంబరు, వెనకవైపు రాతలు ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.